బొమ్మలు వేస్తాను: ఆర్టిస్టునని చెప్పుకోవడం, స్టేట్‌మెంట్ రాసుకోవడం ఎలా

మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్న ఒకాయన ఉన్నారు. కిరాణా కొట్లు, టైలరు షాపులు, బడి గోడల మీద సూక్తులు, లారీల వెనక అక్షరాలు అన్నీ ఆయన చేతివే. రాసిన ప్రతి గోడకీ కింద మూలన చిన్నగా తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని ఉంటుంది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. చేతులు ఊరుకోక, పాత రేకుల మీద ఒక్కొక్క అక్షరాన్నే బొమ్మలా వేయడం మొదలుపెట్టారు. ఎవరో చూసి గ్రూప్ షోలో పెట్టమని ఫారం ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అందులో 'ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్, 150 పదాలు' అని ఒక గడి ఉంది. అంటే తన పని గురించి ఆర్టిస్టు తానే చెప్పుకునే నాలుగు మాటలు. దాని పైన 'ఆర్టిస్టు పేరు' అన్న గడి కూడా ఖాళీగానే ఉంది.

"నేను బోర్డులు రాసేవాణ్ణి కదండీ. ఆర్టిస్టునని ఎలా రాసుకుంటాను?" అన్నారు.

వేల గోడల మీద 'ఆర్ట్స్' అని తన పేరు పక్కనే రాసుకున్న మనిషి ఆయన. గోడ మీద రాయగలిగిన మాట కాగితం మీదికి రావడానికి మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. నా స్టేట్‌మెంట్లు నేను తిరగరాసుకుంటూ నేర్చుకున్నవీ, ఆయనతో కూర్చున్నప్పుడు తెలిసినవీ కలిపి వరసగా చెబుతున్నాను.

ముందు ఆ మాట సంగతి తేల్చుకోండి

తెలుగులో 'ఆర్టిస్టు' అన్న మాటకి చాలా పనులున్నాయి. సినిమావాళ్లు నటుల్ని ఆర్టిస్టులంటారు. జూనియర్ ఆర్టిస్టు, క్యారెక్టర్ ఆర్టిస్టు అన్నవి అలా వచ్చినవే. ఊళ్లో ఆర్టిస్టంటే బోర్డులు రాసే మనిషి. 'కళాకారుడు' అనగానే వేదిక, శాలువా, సన్మానపత్రం కళ్లముందు కదులుతాయి. 'చిత్రకారుడు', 'చిత్రకారిణి' పుస్తకాల్లో బాగుంటాయి గానీ, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమ్మకి అలా చెప్పుకోబోతే నోరు తిరగదు. కాబట్టి మొహమాటం అంతా మీ పిరికితనం వల్లే అనుకోకండి. సగం తప్పు మాటలది.

నేను కనుక్కున్న దారి ఏమిటంటే, నామవాచకాన్ని కాసేపు పక్కన పెట్టి క్రియాపదంతో మొదలుపెట్టడం. 'బొమ్మలు వేస్తాను.' 'మట్టితో చేస్తాను.' 'అద్దకం చేస్తాను.' ఇది మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్న మాట. దానికి అర్హత ఎవరూ అడగరు, అది నిజమో కాదో మీ చేతులు చూస్తే తెలుస్తుంది. నియమం ఒక్కటే. ముందు 'ఏదో' చేర్చకూడదు, వెనక 'ఖాళీ దొరికితే', 'సరదాకి' అని తగిలించకూడదు. 'ఏదో ఖాళీగా ఉన్నప్పుడు బొమ్మలేసుకుంటానండీ' అన్నప్పుడు ఎదుటివాళ్లు మీ పనిని చూడకముందే దాని విలువ మీరే తగ్గించేశారు.

వారం రోజులు రోజుకొక్కసారి ఎవరో ఒకరితో ఈ వాక్యం అనండి. పాలబ్బాయితో అన్నా సరే. ఉద్యోగం ఉంటే రెండూ చెప్పండి: 'బ్యాంకులో పనిచేస్తాను. బొమ్మలు వేస్తాను.' రెండు వాక్యాల మధ్య 'కానీ' వద్దు. చిత్రకారుడు కాపు రాజయ్య సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా ఉంటూనే, కథల పటాలు వేసే నకాషీ శైలిలోంచి తన బొమ్మను తయారు చేసుకున్నారు. బాపు చదివింది లా. దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో, ముప్పై నిండకుండానే పోయారు. ఆయన పేరుతో రాజమండ్రిలో ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆ కొద్ది ఏళ్ల పనిని ఇప్పటికీ చూడవచ్చు. డిగ్రీ వచ్చాక, రిటైరయ్యాక, మొదటి బొమ్మ అమ్ముడుపోయాక చెప్పుకుందాం అనుకునేవాళ్లు రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక గంట అక్కడ గడపండి.

సంతకం మాట కూడా ఇక్కడే చెప్పాలి. లేపాక్షి పైకప్పు మీద అంత గొప్ప చిత్రాలు వేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. పాలంపేటలో 1213 నాటి రుద్రేశ్వరాలయాన్ని మాత్రం జనం కట్టించినవాడి పేరుతో కాక, శిల్పిదని చెప్పుకునే పేరుతో రామప్ప గుడి అంటున్నారు. వడ్డాది పాపయ్య 'వ.పా.' అని రెండక్షరాలు వేసేవారు. మీరు మీ పనికి సంతకం చేయడం లేదంటే, ఈ రోజే మొదలుపెట్టండి. ఏ భాషలో, ఏ మూలన అన్నది ఒకసారి నిర్ణయించుకుని ఇక మార్చకండి.

మంచం మీద పరచండి

స్టేట్‌మెంట్ తలలోంచి రాయబోతే అందరి స్టేట్‌మెంటులాగే వస్తుంది. పనిని చూస్తూ రాయాలి. గత రెండు మూడేళ్లలో చేసిన వాటిలో పదిహేనో ఇరవయ్యో తీసి మంచం మీదో నేల మీదో పరచండి. అమ్ముడుపోయిన వాటికి ఫోటోలు పెట్టండి. ఒక్కోదాని వెనక పెన్సిలుతో పేరు, చేసిన ఏడాది, దేనితో దేని మీద చేశారు, కొలత రాయండి. కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తరవాత. ఈ నాలుగు వివరాలు రేపు ప్రతి ఫారంలోనూ, ప్రతి బొమ్మ పక్కన అతికించే చీటీలోనూ అడుగుతారు. ఇప్పుడు రాసుకుంటే అప్పుడు వెతుక్కోనక్కరలేదు.

తరవాత ఒక కుర్చీ వేసుకుని అరగంట ఊరికే చూడండి. పదే పదే వస్తున్నదేమిటి? మీరు అనుకున్నది కాదు, నిజంగా అక్కడ ఉన్నది. బోర్డులాయన రేకులు వసారాలో పరిస్తే పద్నాలుగు వచ్చాయి. అన్ని అక్షరాలూ వేస్తున్నాననే ఆయన అనుకుంటున్నారు. చూస్తే తొమ్మిది రేకుల మీద 'ళ' ఉంది. ఆయన కూడా అప్పుడే చూశారు. స్టేట్‌మెంట్ మొదలైంది అక్కడే.

రాయకండి, మాట్లాడండి

పెన్ను పట్టుకోగానే మనలో చాలామందికి బడిలో వ్యాసం రాసిన చెయ్యి వచ్చేస్తుంది. అందుకని ఫోనులో రికార్డింగ్ పెట్టి ఒక మనిషితో మాట్లాడండి. ఆ మనిషికి కళ గురించి తెలియకపోతే ఇంకా మంచిది. వాళ్ల చేత ఇలాంటివి అడిగించుకోండి: పొద్దున్నే ముందు ఏం ముట్టుకుంటావు? ఆ రంగే ఎందుకు? ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు? పాడైపోయిన వాటిని ఏం చేస్తావు? ఇంకెవరైనా వేస్తే ఇలాగే ఉంటుందా, ఎక్కడ తేడా వస్తుంది?

'ఎందుకు వేస్తావు' అని మాత్రం మొదట్లోనే అడగనివ్వకండి. ఆ ప్రశ్నకి ఎవరైనా పెద్ద మాటలే చెబుతారు. 'ఎలా వేస్తావు' అని అడిగితే 'ఎందుకు' తనంతట తానే బయటికి వస్తుంది. నేను బోర్డులాయన్ని 'ళ' ఎలా వేస్తారని అడిగాను.

"చుట్టు తిరిగేటప్పుడు కుంచె ఎత్తకూడదండీ. మధ్యలో రంగు అయిపోతే అతుకు కనబడిపోద్ది. మా గురువుగారు 'ళ' సరిగ్గా తిప్పేదాకా ఒక్కణ్ణీ నిచ్చెనెక్కనివ్వలేదు."

మొదటి సాయంత్రం గంటసేపు ఆయన 'కళాసేవ' గురించి మాట్లాడినదంతా పక్కన పెట్టేశాం. ఈ మూడు వాక్యాలు ఉంచుకున్నాం.

మొదటి వాక్యం

రికార్డింగ్ విని కాగితం మీదికి ఎక్కించాక మొదటి వాక్యం కట్టాలి. దానిలో మూడు ఉండాలి: ఏం చేస్తారు, దేనితో, దేని మీద. అంతే. 'నేను జింకు రేకు మీద ఎనామిల్ రంగులతో తెలుగు అక్షరాలు వేస్తాను.' చదివినవాళ్లకి వెంటనే ఒక వస్తువు కనిపిస్తుంది. తరవాత మీరేం చెప్పినా దాన్ని పట్టుకుని వింటారు.

పుస్తకానికి రచయిత రాసుకునే 'నా మాట' ఎలాంటిదో, బొమ్మలకి స్టేట్‌మెంట్ అలాంటిది. మంచి 'నా మాట'లో రచయిత కథ మొత్తం చెప్పడు, కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాడు. మీరూ అంతే. బొమ్మ అర్థం విప్పి చెప్పాల్సిన పని లేదు. చూసేవాళ్లు బొమ్మ దగ్గర ఇంకో నిమిషం నిలబడేలా చేస్తే చాలు.

ఒకటి చెరిపి ఒకటి

ఫారం నింపడానికి ఆయనకి ముందే ఎవరో రాసిచ్చిన కాగితం ఇలా ఉంది:

'కళ నా ఊపిరి. చిన్ననాటి నుంచి కళపై గల అమితమైన మక్కువతో నా అంతరంగ భావాలను రంగులలో ఆవిష్కరిస్తున్నాను. సంప్రదాయాన్ని, ఆధునికతను మేళవిస్తూ మానవ సంబంధాలను, సమాజాన్ని ప్రతిబింబించడమే నా చిత్రాల ధ్యేయం.'

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ కాగితాన్ని ఏ ఊరి ఎవరి బొమ్మల కింద పెట్టినా సరిపోతుంది. అదే దీనితో వచ్చిన చిక్కు. మీది రాశాక ఈ పరీక్ష పెట్టండి: మీ స్నేహితుడి బొమ్మల పక్కన మీ స్టేట్‌మెంట్ పెట్టి చూడండి. అక్కడ కూడా అతికిందంటే ఇంకా మీది కాలేదు.

మేం చివరికి రాసింది ఇది:

'నేను జింకు రేకు మీద ఎనామిల్ రంగులతో తెలుగు అక్షరాలు వేస్తాను. ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు, గోడలు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక మా బజారులో నేను రాసిన బోర్డులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. దింపేసిన రేకులే కొన్ని అడిగి తెచ్చుకున్నాను. పాత రంగు కొంత గీకి, కొంత ఉంచి, వాటి మీద మళ్లీ వేస్తున్నాను. ఇప్పుడు రేకుకి ఒక్కటే అక్షరం. ఎక్కువసార్లు వచ్చేది 'ళ'. కుంచె ఎత్తకుండా 'ళ' తిప్పిన రోజునే మా గురువుగారు నన్ను ఒంటరిగా నిచ్చెన ఎక్కనిచ్చారు. కంప్యూటరు వేసే 'ళ' ఎన్నిసార్లు వేసినా ఒకేలా ఉంటుంది. నా 'ళ' రెండుసార్లు ఒకేలా రాదు. ఆ తేడా కనిపించేంత పెద్దగా వేస్తున్నాను.'

ఇందులో 'కళ' అన్న మాట లేదు, 'ఆర్టిస్టు' లేదు. మక్కువ, ఆవిష్కరణ, మేళవింపు లేవు. చదివాక ఈయన ఆర్టిస్టా కాదా అన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. ఇది విన్నాక ఆయన ఫారంలో పైగడి తానే నింపారు.

వాడకూడని మాటల జాబితా ఇవ్వమని నన్ను చాలామంది అడిగారు. మాటలన్నీ మంచివే, జాబితా అక్కర్లేదు. ఒక మాట రాశాక 'చూపించగలనా' అని అడగండి. 'పాత రంగు కొంత ఉంచి' అన్నది రేకు మీద వేలుపెట్టి చూపించగలం. 'అంతర్మథనం' ఎక్కడుందో చూపించలేం. చూపించలేనిది తీసేయండి.

వంశపారంపర్యంగా వచ్చిన పనైతే

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మన రాష్ట్రాల్లో గొప్ప పని చేస్తున్న వాళ్లలో చాలామందికి ఆర్ట్ కాలేజీ పత్రాలు ఉండవు, ఇంట్లో నేర్చుకున్నవాళ్లు. అదీగాక, వాళ్ల గురించి రాసేది ఎప్పుడూ ఇంకొకరే. శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల నకాషీ, నిమ్మలకుంట తోలుబొమ్మలు, ఏదైనా తీసుకోండి. వ్యాపారులు అచ్చువేసే కరపత్రాల్లో 'అంతరించిపోతున్న ప్రాచీన కళ' అని ఉంటుంది. మీ స్టేట్‌మెంటులో ఆ మాట దయచేసి రాయకండి. మీరు బతికుండి, పొద్దున్నే లేచి చేస్తున్న పని అది.

దానికి బదులు రెండు సంగతులు విడివిడిగా రాయండి: మీకు అందినదేమిటి, దానిలో మీది ఏమిటి. కాళహస్తి పనికే చూద్దాం. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టడం, చింతపుల్లల బొగ్గుతో గీత వేయడం, తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీయడం, పటిక పూయడం, పారే నీళ్లలో ఉతకడం, ఇవన్నీ అందినవి. 'కరక్కాయ పాలలో ఊరిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తాను' అన్న ఒక్క వాక్యం, 'శతాబ్దాల నాటి సహజ రంగుల సంప్రదాయం' అన్నదాని కంటే ఎంతో చెబుతుంది. ఆ తరవాత మీది. రామాయణం అందరూ వేస్తారు. మీరు ఏ ఘట్టం దగ్గర ఎక్కువ జాగా తీసుకుంటున్నారు? ఎక్కడ మీ నాన్నగారి గీతకీ మీ గీతకీ తేడా వచ్చింది? చేర్యాల పటాలు మొదట కాకిపడగలవాళ్ల వంటి కథకులు ఊరూరా విప్పి చూపిస్తూ కథ చెప్పడానికి వేయించుకున్నవి. ఇప్పుడు మీ పటం ముందు నిలబడి కథ చెప్పేవాళ్లు లేకుండా అది ఇంటి గోడకి వెళుతుంటే, మీ బొమ్మలో ఏం మారింది? ఆ మార్పు గురించి రాస్తే అది మీ స్టేట్‌మెంటే అవుతుంది.

చేతులు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పండి. గీత మీది, రంగులు నింపింది అక్క, ఉతికింది మరొకరు అయితే అలాగే రాయండి. దానివల్ల మీ పేరు చిన్నబోదు. సినిమా టైటిల్స్‌లో అందరి పేర్లూ వేస్తారు కదా. ఇంటి ఆడవాళ్లు దశాబ్దాలుగా నింపిన రంగుల కింద ఒక్క పేరే కనబడడం నాకు ఎప్పుడూ కష్టంగా ఉంటుంది. చేతివృత్తులవాళ్లకి కేంద్ర హస్తకళల కమిషనర్ ఇచ్చే పహచాన్ (గుర్తింపు) కార్డు కూడా పని చేసే ప్రతి మనిషీ విడిగా తీసుకోవచ్చు. ఇంట్లో ఒక్కరికి ఉంటే చాలనుకోకండి.

తెలుగులో ముందు, ఇంగ్లీషు తరవాత

చాలా ఫారాలు ఇంగ్లీషులోనే అడుగుతాయి. అయినా ముందు తెలుగులోనే రాయండి. మీరు పని చేసేటప్పుడు మనసులో తిరిగే మాటలు ఆ భాషలోవే కనక. మన దగ్గర బోర్డు 'రాస్తారు', బొమ్మ 'వేస్తారు', ముగ్గు 'పెడతారు', శిల్పం 'చెక్కుతారు'. బోర్డులాయన 'రాశాను' నుంచి 'వేస్తాను'కి మారిన చోటే ఆయన కథ ఉంది. ఫోనులో అనువాద యాప్‌కి ఇస్తే ఆ రెండు మాటలూ ఒకటైపోవచ్చు. యాప్ ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగా తీసుకుని, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇలాంటి చోట్లు వేలుపెట్టి చూపించండి. పనిముట్ల పేర్లు, కరక్కాయ, తలకట్టు లాంటివి తెలుగు మాటలుగానే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు మాటల్లో వివరిస్తే సరిపోతుంది. ఒక లెక్క గుర్తుంచుకోండి: మన విభక్తులు మాటకే అంటుకుంటాయి కాబట్టి, తెలుగులో వంద పదాలు ఇంగ్లీషులోకి వెళ్లేసరికి బాగా పెరుగుతాయి. ఫారంలో 150 అడిగితే తెలుగు చిత్తుప్రతి వంద దగ్గర ఆపండి.

మూడు కొలతలు

ఒకే స్టేట్‌మెంటుని మూడు సైజుల్లో కుట్టించుకోండి. ఒక వాక్యం ఫోనులో పరిచయానికి, విజిటింగ్ కార్డుకి. వంద పదాలు ఫారాలకి. రెండు వందల యాభై దాకా గ్యాలరీ గోడకో, కేటలాగుకో. పెద్దదాన్ని నరికి చిన్నది చేయకండి. చిన్నదానికి ఒక్కొక్క సంగతి చేర్చుకుంటూ పెద్దది చేయండి.

బయోడేటా వేరు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఏ షోలు, ఏ అవార్డులు అన్నవి అందులోకి వెళ్లాలి. అది 'ఆయన', 'ఆమె' అని ఎవరో చెప్పినట్టు రాస్తారు. స్టేట్‌మెంట్ 'నేను' అని మీరు చెప్పేది. రెండూ కలిపేస్తే అవార్డుల మధ్య పని కనబడకుండా పోతుంది.

బయట చెప్పేటప్పుడు

రాసింది గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం బాగోలేదని అర్థం. తరవాత కాగితం పక్కన పెట్టి మొదటి రెండు వాక్యాలు మాటల్లో చెప్పండి. 'ఏం చేస్తుంటావమ్మా?' అని మావయ్య అడిగినా, 'మీ వర్క్ గురించి చెప్పండి' అని గ్యాలరీవాళ్లు అడిగినా జవాబు అదే. మావయ్య 'దానికి డబ్బులొస్తాయా?' అంటారు, తప్పకుండా అంటారు. వస్తే ఎంత వస్తాయో చెప్పండి, రాకపోతే రావట్లేదని చెప్పండి. ఆ జవాబు వల్ల మొదటి వాక్యం అబద్ధం కాదు.

ఏడాదికొకసారి బొమ్మలు మళ్లీ పరచి, స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూడండి. పని కదిలిపోయి మాట అక్కడే ఉండిపోతే మాట మార్చండి. మాటకి సరిపోయేలా బొమ్మలు మాత్రం వేయకండి.

షోకి ముందు నిర్వాహకులు స్టేట్‌మెంట్ అచ్చువేసి గోడకి పెడతామన్నారు. బోర్డులాయన ఒప్పుకోలేదు. రెండడుగుల రేకు తీసుకుని, సుద్దదారం కొట్టి గీతలు వేసుకుని, తానే రాశారు. రెండు రోజులు పట్టింది. 'నా 'ళ' ఎప్పుడూ రెండుసార్లు ఒకేలా రాదు' అని చివర్లో నేను ఒక 'ఎప్పుడూ' చేర్చాను. వరసలో ఆ మాట పట్టలేదు. ఆయన కాసేపు చూసి, తుడిచేశారు.